పడుగు, పేక, ప్యాకెట్టు: కంప్యూటర్ నెట్‌వర్క్ మూలసూత్రాలు

(పాఠశాల ప్లాటినం జూబ్లీ ఉత్సవాలలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



తెలుగు నేలకు ఆవల, మహారాష్ట్ర గడ్డపై, ఒక తెలుగు బడి 75 సంవత్సరాలు నిలిచి ఉండడం సామాన్య విషయం కాదు. ఈ శుభవేళ బడి చరిత్రను గూర్చి మాట్లాడే అర్హత నాకంటె ఇక్కడ ఉన్న పెద్దలకే ఎక్కువ. నేను నా వృత్తికి సంబంధించిన విషయమే చెప్పాలని నిర్వాహకులు ఆదేశించారు. నా వృత్తి కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలపడం. కనుక కంప్యూటర్ నెట్‌వర్క్ అనగా ఏమి, అది ఏ సూత్రాలపై నడుస్తుంది అనే విషయాన్ని, మన ఊరి ఉదాహరణలతో, మన భాషలో మీ ముందుంచుతాను.

ఈ ఉదయం గేటు వద్ద ఒక తల్లి నన్ను ఆపి అడిగిన మాట ఇంకా నా చెవిలో ఉన్నది. "అన్నా, నువ్వు గూడ ఈ బడిలనే చదివినవంట. మా పిల్లగాడు తెలుగు మీడియం. వానికి కంప్యూటర్ చదువు వస్తదా? ఇంగ్లీష్ బడికి మార్చుమని అందరు అంటున్నరు." నేను వెంటనే జవాబు చెప్పలేదు. "సభలో చెప్తానమ్మా, కూర్చోండి" అన్నాను. ఈ ప్రసంగమంతా ఆ తల్లికి నేనిచ్చే జవాబు అనుకోండి.

ఒప్పందమే మూలం

మనలో అనేకుల తాతముత్తాతలు మగ్గం మీద కూర్చున్నవారే. కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుండి వచ్చి ఇక్కడ స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు ఈ ఊరిలో ఎన్నో ఉన్నాయి. మగ్గం తెలిసినవారికి నెట్‌వర్క్ బోధపడడం కష్టం కాదు. దారాలు గుట్టగా పోస్తే గుడ్డ కాదు. పడుగు ఒక క్రమంలో, పేక ఒక క్రమంలో నడిస్తేనే గుడ్డ. అట్లే తీగలతో కలిపినంత మాత్రాన రెండు కంప్యూటర్లు నెట్‌వర్క్ కావు. ఎవరు ముందు మాట్లాడాలి, ఎంత మాట్లాడాలి, వినబడకపోతే ఏమి చేయాలి అనే ఒప్పందం ఉండాలి. ఆ ఒప్పందానికే ప్రొటోకాల్ అని పేరు.

మన మొండా బజారుకు వెళ్ళండి. ధర్మాబాద్ నుండి వచ్చిన తెలుగు రైతు, మరాఠీ మాట్లాడే అడత్యా ఎదురెదురుగా నిలబడి ఉంటారు. ఇద్దరి తల్లి భాషలు వేరు. అయినా ముందు ధర, తరువాత తూకం, ఆపైన లెక్క అనే వరుస ఇద్దరికీ తెలుసు. ఆ వరుస తెలియని ఇద్దరు ఒకే భాష మాట్లాడేవారైనా బేరం కుదరదు. ఏ సంస్థ తయారు చేసిన కంప్యూటరైనా ఏ దేశంలోని కంప్యూటరుతోనైనా మాట్లాడగలగడానికి కారణం ఈ ఉమ్మడి వరుసయే. ఈ ఒప్పందాలలో ముఖ్యమైనవి టి.సి.పి., ఐ.పి. అనే రెండు. వీటి మూల రూపాన్ని వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రజ్ఞులు 1974లో ప్రకటించారు. 1983 జనవరి 1వ తేదీన నాటి ఆర్పానెట్ అనే నెట్‌వర్క్ పూర్తిగా ఈ ఒప్పందాలకు మారింది.

అక్షరం ఎట్లా ప్రయాణిస్తుంది?

కంప్యూటరుకు తెలిసినవి రెండే గుర్తులు. ఒకటి, సున్న. తీగలో విద్యుత్తు ఉన్నదా లేదా, గాజు దారంలో వెలుగు ఉన్నదా లేదా. ఈ ఒక్కొక్క గుర్తును బిట్ అంటారు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైట్.

మన తెలుగు అక్షరాలకు యూనికోడ్ అనే ప్రపంచ పట్టికలో 1991 నుండి స్థానమున్నది. అందులో తెలుగుకు 128 గదులు కేటాయించారు. మన బడిలో పిల్లవాడు మొదట దిద్దే 'అ' అక్షరం ఆ పట్టికలో 3077వ సంఖ్య. నెట్‌వర్క్ మీద అది మూడు బైట్లుగా ప్రయాణిస్తుంది. బిట్లలో రాస్తే ఇట్లా ఉంటుంది: 11100000 10110000 10000101. 'తెలుగు' అనే మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు ఉన్నాయి. మొత్తం ఆరు గుర్తులు, 18 బైట్లు, అంటే 144 బిట్లు. యంత్రానికి ఇంగ్లీషు అక్షరం ఎక్కువ, తెలుగు అక్షరం తక్కువ అనే భేదం లేదు. పిల్లలు ఈ మాట గుర్తుంచుకోవాలి. గుణింతం బాగా తెలిసిన పిల్లవానికి ఒక అక్షరం రెండు గుర్తుల కలయికగా ఎట్లా నిలుస్తుందో చెప్పనవసరం లేదు. అది వానికి ముందే తెలుసు.

ఈ బిట్లు వెళ్ళే దారులు ముఖ్యంగా మూడు: రాగి తీగ, గాజు దారం, గాలిలోని రేడియో తరంగం. గాజు దారంలో వెలుగు వంపులు తిరిగి ప్రయాణించే విద్యపై 1954లో హెరాల్డ్ హాప్‌కిన్స్‌తో కలిసి ముఖ్యమైన పరిశోధన ప్రకటించినవాడు పంజాబులో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ. దానిని దూరప్రాంత సమాచారానికి వాడవచ్చని 1966లో చూపిన చార్లెస్ కావోకు 2009లో నోబెల్ బహుమతి లభించింది. గాజులో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. రైలు మార్గంలో నాందేడ్ నుండి సికింద్రాబాద్ సుమారు 270 కిలోమీటర్లు. వెలుగుకు ఆ దూరం సెకనులో వెయ్యవ వంతు కంటె కొంచెం ఎక్కువ సమయం మాత్రమే. అదే భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం మీదుగా పంపితే పైకి వెళ్ళి క్రిందికి రావడానికే సెకనులో పావు వంతు పడుతుంది. 1980లలో మన దేశంలో నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ జిల్లా కేంద్రాలను కలపడానికి ఉపగ్రహాన్నే ఆశ్రయించింది. అప్పటికి దారి అదే.

ప్యాకెట్టు

పెద్దలకు ట్రంకు కాల్ రోజులు జ్ఞాపకముండే ఉంటాయి. హైదరాబాద్‌లోని చుట్టంతో మూడు నిమిషాలు మాట్లాడడానికి పేరు రాయించి గంటలకొద్దీ కూర్చునేవారు. కారణమేమి? మనం మాట్లాడినంత సేపు ఆ తీగ మొత్తం మనకే అంకితం. మనం మౌనంగా ఉన్నా ఇంకొకరికి దక్కదు. ఒక ప్రయాణికుని కోసం నాందేడ్ నుండి సికింద్రాబాద్ వరకు పట్టాలన్నీ ఖాళీగా ఉంచినట్లు.

దీనికి విరుగుడు 1960లలో ఇద్దరికి వేరువేరుగా తోచింది. ఒకరు అమెరికాలో పాల్ బారన్, మరొకరు ఇంగ్లండులో డోనాల్డ్ డేవిస్. సందేశాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, ప్రతి ముక్క మీద చిరునామా రాసి, ఒకే దారిలో అందరి ముక్కలను కలిపి పంపితే ఏ దారీ ఖాళీగా ఉండదు కదా! ఆ ముక్కయే ప్యాకెట్టు. ఆ పేరు పెట్టినవాడు డేవిస్. నేడు సాధారణంగా ఒక ప్యాకెట్టు పరిమాణం 1,500 బైట్లకు మించదు. ఈ వేడుకలో మీరు ఫోనుతో తీసిన ఫోటో 30 లక్షల బైట్లు ఉన్నదనుకుంటే, అది రెండు వేలకు పైగా ప్యాకెట్లుగా విడిపోయి వెళ్ళి, చేరవలసిన చోట తిరిగి ఒక్కటవుతుంది.

ఈ పద్ధతిలో తొలి సందేశం 1969 అక్టోబరు 29వ తేదీ రాత్రి లాస్ ఏంజెలిస్‌లోని విశ్వవిద్యాలయం నుండి సుమారు 350 మైళ్ళ దూరంలోని స్టాన్‌ఫోర్డ్ పరిశోధన సంస్థకు వెళ్ళింది. పంపదలచిన మాట 'లాగిన్'. మొదటి రెండు అక్షరాలు చేరగానే యంత్రం ఆగిపోయింది. సుమారు గంట తరువాత మళ్ళీ ప్రయత్నిస్తే పూర్తి మాట చేరింది. నేటి ఇంటర్నెట్ ఇట్లా తడబడిన రెండక్షరాలతో మొదలైనదని పిల్లలు తెలుసుకోవాలి. తడబడడం తప్పు కాదు.

చిరునామా, జంక్షను

ప్యాకెట్టు చేరాలంటే చిరునామా ఉండాలి. దానిని ఐ.పి. చిరునామా అంటారు. పాత పద్ధతి చిరునామాకు 32 బిట్లు. ఆ లెక్కన మొత్తం సుమారు 429 కోట్ల చిరునామాలు. రూపొందించిన కాలంలో అది అక్షయపాత్ర అనిపించింది. కాని 2011 ఫిబ్రవరిలో ప్రపంచ భాండాగారంలోని చివరి వాటాలు కూడ పంచివేయడం జరిగింది. అందుచేత 128 బిట్ల కొత్త పద్ధతిని అమలు చేస్తున్నారు. రెండు పద్ధతులూ నేడు ప్రక్కప్రక్కనే నడుస్తున్నాయి.

సంఖ్యలు మనుషులకు గుర్తుండవు. అందుకే పేరు చెప్పితే సంఖ్య వెదికిపెట్టే ఏర్పాటు ఒకటున్నది. దాని పేరు డి.ఎన్.ఎస్. దీనిని 1983లో పాల్ మొకాపెట్రిస్ రూపొందించాడు. టెలిఫోను డైరెక్టరీ వంటిదే, కాని ఒకే పుస్తకంగా కాక ప్రపంచమంతటా పంచి ఉంచిన డైరెక్టరీ. ఈ పేర్లు ఇంగ్లీషులోనే ఉండాలన్న నియమం నేడు లేదు. 'భారత్' అనే మాట తెలుగు లిపిలోనే చివర ఉండే చిరునామాలకు కూడ ఆమోదమున్నది.

ఇక దారి చూపేది ఎవరు? రూటర్ అనే యంత్రం. మన రైలు దారులను చూస్తే రూటర్ పని తేటతెల్లమవుతుంది. నాందేడ్ నుండి సికింద్రాబాద్ వెళ్ళాలంటే ముద్‌ఖేడ్, ధర్మాబాద్, బాసర, నిజామాబాద్ మీదుగా ఒక దారి. ఆ దారిలో ఆటంకం కలిగితే పూర్ణ, పర్భణీ, పర్లి, బీదర్, వికారాబాద్ మీదుగా చుట్టు దారి ఉన్నది. ముద్‌ఖేడ్‌లో ఉన్న వ్యక్తి ప్రయాణికుని కథంతా తెలుసుకోడు. గమ్యం చూసి, ఇటు నిజామాబాద్ వైపా, అటు ఆదిలాబాద్ వైపా అని మాత్రమే నిర్ణయిస్తాడు. రూటర్ కూడ అంతే. ప్రతి ప్యాకెట్టును చూసి తరువాతి జంక్షను వరకే దారి చెపుతుంది. దేశమంతటి పటం దానికి అక్కరలేదు. ఒకే ఫోటోలోని రెండు ముక్కలు రెండు దారుల వెళ్ళవచ్చు. వెనుక బయలుదేరినది ముందు చేరవచ్చు. వాటిని వరుసలో పెట్టడం, అందని ముక్కను మళ్ళీ పంపమని అడగడం టి.సి.పి. పని. రిజిస్టరు ఉత్తరానికి రసీదు వచ్చినట్లు ప్రతిదానికి అందినట్లు కబురు వస్తుంది. మాట్లాడే మాట, ప్రత్యక్ష ప్రసారం వంటి వాటిలో ఒక ముక్క పోయినా ఫరవాలేదు, ఆలస్యం మాత్రం పనికిరాదు. అటువంటి వాటికి రసీదు అడగని యు.డి.పి. అనే ఒప్పందం వాడతారు.

దారి తప్పిన ప్యాకెట్టు శాశ్వతంగా తిరుగుతూ ఉంటే ఎట్లా? అందుకు కూడ జాగ్రత్త ఉన్నది. ప్రతి ఐ.పి. ప్యాకెట్టులో ఒక లెక్క ఉంటుంది. ఒక్కొక్క రూటర్ దాటినప్పుడు ఆ లెక్క ఒకటి తగ్గుతుంది. సున్న కాగానే ఆ ప్యాకెట్టును పారవేస్తారు. ఈ చిన్న విషయాన్ని దయచేసి గుర్తుంచుకోండి. కాసేపట్లో దీనితో పని ఉన్నది.

అంతస్తులు

ఇన్ని పనులు ఒకే యంత్రం, ఒకే ఒప్పందం చేయలేవు. కనుక పనిని అంతస్తులుగా విభజించారు. పూర్వం ఉత్తరాల వ్యవస్థను జ్ఞాపకం చేసుకోండి. అమ్మ ఉత్తరం రాసేది. కవరులో పెట్టి చిరునామా రాసేవాళ్ళం. తపాలా కార్యాలయం దానిని సంచిలో వేసేది. రైల్వే మెయిల్ సర్వీసువారు సంచిని రైలులో తీసుకుపోయేవారు. రైలు నడిపేవానికి ఉత్తరంలో ఏమున్నదో తెలియదు. అమ్మకు రైలు ఏ దారిన పోయిందో తెలియదు. ఎవరి పని వారు చేస్తారు, క్రింది వారిని పై వారు నమ్ముతారు. మీటరు గేజి పట్టాలు పోయి బ్రాడ్ గేజి వచ్చినప్పుడు అమ్మ ఉత్తరం రాసే తీరు మార్చుకోలేదు కదా! నెట్‌వర్కులో కూడ రాగి తీగ పోయి గాజు దారం వచ్చినా పై అంతస్తు మారనవసరం లేదు. 1969 నాటి ఆలోచన నేటికీ నిలవడానికి ఇది ఒక కారణం. పాఠ్యపుస్తకాలలో ఏడు అంతస్తుల నమూనా చెపుతారు. ఆచరణలో నాలుగుగా చెప్పుకోవడం వాడుక: తీగ లేదా గాలి, ఐ.పి., టి.సి.పి. లేదా యు.డి.పి., ఆపైన మనం వాడే సేవ.

రైలు టిక్కెట్టు నేర్పిన పాఠం

నెట్‌వర్క్ మన బ్రతుకుల్లోకి మొదట ప్రవేశించినది ఫోను ద్వారా కాదు, రైలు టిక్కెట్టు ద్వారా. రిజర్వేషను పెద్ద పెద్ద రిజిస్టర్లలో చేత్తో రాసే కాలంలో తిరుగు ప్రయాణపు బెర్తు కోసం ఉత్తరమో తంతియో పంపి ఎదురుచూడవలసి వచ్చేది. 1985లో ఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషను ప్రయోగాత్మకంగా మొదలయింది. ఆపైన బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాద్‌లలో కేంద్రాలు వచ్చాయి. కాని ఈ ఐదు కేంద్రాలు ఐదు దీవులు. ఒక దీవిలోని ఖాళీ బెర్తు మరొక దీవికి కనిపించదు. రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం, అనగా క్రిస్, 'కాన్సర్ట్' అనే కొత్త వ్యవస్థను తయారు చేసి 1994లో మొదటగా మన సికింద్రాబాద్‌లోనే నెలకొల్పింది. 1999 ఏప్రిల్ నాటికి ఐదు కేంద్రాలూ ఒకదానితో ఒకటి కలిశాయి. అప్పటి నుండి ఎక్కడి నుండి ఎక్కడికైనా టిక్కెట్టు ఏ కేంద్రంలోనైనా కొనే వీలు కలిగింది. 2002 ఆగస్టులో ఇంటి నుండే కొనే సౌకర్యం ప్రారంభమయింది.

ఇందులో మౌలికమైన పాఠం ఒకటున్నది. ఒకే బెర్తును ఒకే క్షణంలో నాందేడ్‌లో ఒకరు, చెన్నైలో ఒకరు అడిగితే ఎవరికివ్వాలి? రిజిస్టరు కాలంలో రిజిస్టరు ఎవరి చేతిలో ఉంటే వారిదే మాట. నెట్‌వర్కులో కూడ ఆ బెర్తు లెక్క ఒక చోటనే ఉంటుంది. అక్కడ ఒకరి పని ముగిసేవరకు రెండవవారు ఆగాలి. అడిగే యంత్రాన్ని క్లయింట్ అని, లెక్క చూసి ఇచ్చే యంత్రాన్ని సర్వర్ అని అంటారు. మనం నిత్యం వాడే సేవలలో ఎక్కువ భాగం ఈ అడగడం, ఇవ్వడమే.

ఇక సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ మన దేశంలో 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా లభించింది. అంతకు ముందు 1986లో మొదలైన ఎర్నెట్ ద్వారా ఐ.ఐ.టి.లు, బెంగుళూరులోని విజ్ఞాన సంస్థ వంటి విద్యాసంస్థలకే ఆ భాగ్యముండేది. తొలి రోజుల్లో సెకనుకు 28,800 బిట్లు పంపే మోడెం గొప్ప వస్తువు. నేను చెప్పిన ఫోటోను దానితో పంపితే సుమారు 14 నిమిషాలు పట్టేది. సెకనుకు 10 కోట్ల బిట్లు పంపే నేటి గాజు దారపు కనెక్షనులో అది సెకనులో నాల్గవ వంతు పని.

ఒక చుట్టు తీగ కథ

ఇప్పుడు నా అనుభవం ఒకటి చెప్పి, గేటు వద్ద అడిగిన తల్లికి జవాబు చెపుతాను.

నేను ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరం, పూణేలోని ఒక కార్యాలయంలో ఒకనాటి ఉదయం నెట్‌వర్కు మొత్తం స్తంభించిపోయింది. వందకు పైగా కంప్యూటర్లు ఉన్నా ఒక్కటీ పలుకదు. వైరస్ అన్నారు ఒకరు. సర్వర్ చెడిపోయిందన్నారు మరొకరు. పెద్ద అధికారులు ఇంగ్లీషులో వాదించుకుంటున్నారు. నేను ఒక మూల నిలబడి స్విచ్ అనే పెట్టె వైపు చూస్తున్నాను. స్విచ్ అంటే ఒక గదిలోని కంప్యూటర్ల తీగలన్నీ వచ్చి కలిసే పెట్టె. సాధారణంగా దాని దీపాలు ఒక్కొక్కటి ఒక్కొక్క తీరుగా మిణుకుమంటాయి. ఆనాడు అన్నీ ఒకే లయలో, ఊపిరి తీసుకోకుండా మిణుకుతున్నాయి.

నాకు విషయం అర్థమయింది. ఒక కంప్యూటర్ "ఈ చిరునామా ఎవరిది?" అని కేక వేస్తే స్విచ్ ఆ కేకను అన్ని తీగలలోకి పంపుతుంది. ఎక్కడైనా ఒక తీగ రెండు కొనలూ అదే స్విచ్‌లో గుచ్చి ఉంటే, బయటికి పోయిన కేక మళ్ళీ లోపలికి వస్తుంది. స్విచ్ దానిని కొత్త కేక అనుకుని మళ్ళీ అందరికీ పంపుతుంది. ఇందాక నేను గుర్తుంచుకోమన్న లెక్క, జంక్షను జంక్షనుకు తగ్గే లెక్క, రూటర్లు చూసే ఐ.పి. పొరలో ఉన్నది గాని స్విచ్ చూసే ఈథర్నెట్ పొరలో లేదు. కనుక ఆ కేకకు చావు లేదు. క్షణాలలో లక్షలై ఊరంతా తానే నిండిపోతుంది. దీనిని నివారించే ఉపాయాన్ని 1985లో రేడియా పెర్ల్‌మన్ అనే విదుషీమణి కనిపెట్టింది. మా కార్యాలయంలోని చవక రకం పెట్టెలో ఆ ఏర్పాటు లేదు.

నాకు ఈ విషయం తట్టింది ఉదయం పదకొండు గంటలకు. నేను నోరు విప్పినది సాయంత్రం నాలుగు గంటలకు. ఆ ఐదు గంటలు నేనేమి చేశాను? మనసులో ఇంగ్లీషు వాక్యం కూర్చుకుంటున్నాను. కూర్చినది మళ్ళీ విప్పుతున్నాను. తప్పు మాట్లాడితే నవ్వుతారేమోనని భయం. చివరికి తీగలు లాగే పని చేసే ఒక మరాఠీ పెద్దాయన నా ముఖం చూసి "కాయ్ ఝాలం రే?" అని అడిగాడు. నాందేడ్ వీధుల్లో పెరిగినవానికి మరాఠీ కొత్త కాదు. గడగడా చెప్పేశాను. ఆయన బల్ల క్రిందికి దూరి చూశాడు. ముందు రోజు ఊడ్చేటప్పుడు ఎవరో వేలాడుతున్న తీగ కొనను, పాపం శుభ్రంగా ఉండాలని, ఖాళీగా ఉన్న రంధ్రంలో గుచ్చారు. దానిని లాగివేయగానే కార్యాలయమంతా ప్రాణం పోసుకున్నది.

అందరూ ఆయనను మెచ్చుకున్నారు. ఆయన నా వైపు చూపించి "ఈ పిల్లవాడు చెప్పాడు" అన్నాడు. ఆనాడు నా అధికారి అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఉదయమే ఎందుకు చెప్పలేదు?"

అమ్మా, మీకు నా జవాబు ఇదే. కంప్యూటర్ చదువు తెలుగు మీడియం పిల్లవానికి వస్తుంది. నాకు వచ్చింది. విద్యుత్తు, సంఖ్యామానం, కార్యకారణ సంబంధం నేను ఈ బడిలోనే, తెలుగులో నేర్చుకున్నాను. ఆ స్విచ్ దీపాలను చూసి ఆలోచించిన బుద్ధి ఇక్కడ నాటినదే. కాని నాకు లేనిదొకటి ఉన్నది. తెలిసినదానిని నలుగురిలో చెప్పే ధైర్యం. ఆ ఐదు గంటల మౌనానికి మూల్యం ఆ కార్యాలయం చెల్లించింది, నేనూ చెల్లించాను. కేవలం బడి మార్చినంత మాత్రాన ఆ ధైర్యం రాదు. అర్థం కాని భాషలో బట్టీ పట్టిన పిల్లవాడు దీపాలనే గమనించకపోవచ్చు. అట్లని ఇంగ్లీషు అక్కరలేదని నేను చెప్పితే మిమ్మల్ని మోసగించినవాడనవుతాను. ఉద్యోగంలో అది కావాలి. విషయం తెలుగులో అర్థం కావాలి, దాని పేర్లు ఇంగ్లీషులో నోట నిలవాలి, రెండూ కలిపి నిలబడి చెప్పడం అలవాటు కావాలి.

నిజానికి మన పిల్లలకు ఒక సంపద ఉన్నది. ఇంట తెలుగు, వీధిలో మరాఠీ, బజారులో హిందీ. రెండు వేరు వేరు ఒప్పందాల మధ్య నిలిచి ఇటు మాట అటు అందించే యంత్రాన్ని మా వృత్తిలో గేట్‌వే అంటారు. నాందేడ్‌లో పెరిగిన ప్రతి తెలుగు బిడ్డ పుట్టుకతోనే గేట్‌వే.

తాళం, తాళం చెవి

తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక కూడ చేయాలి. ప్యాకెట్టు ఎన్నో చేతులు మారి వెళ్తుంది. మధ్యవారు చదవకుండా దానికి రహస్య లిపి తొడుగుతారు. ఒకరినొకరు ఎన్నడూ చూడని ఇద్దరు బహిరంగంగా మాట్లాడుకుంటూనే రహస్య తాళం ఏర్పరచుకోవచ్చని 1976లో డిఫీ, హెల్మన్ అనే శాస్త్రజ్ఞులు చూపారు. బ్యాంకు పనులలో తెరపై మీరు చూసే తాళం గుర్తు ఆ విద్య ఫలమే. అయితే ఆ తాళం దారిని మాత్రమే కాపాడుతుంది. అవతలి మనిషి మంచివాడని హామీ ఇవ్వదు. దొంగ కూడ తన దుకాణానికి మంచి తాళం వేసుకోగలడు. ఫోనుకు వచ్చే ఓ.టి.పి. సంఖ్య మీ ఇంటి తాళం చెవి. బ్యాంకువారమని, పోలీసులమని ఎవరు అడిగినా చెప్పరాదు. ఫోనులో 'డిజిటల్ అరెస్టు' చేయడమనేది మన చట్టంలో లేదు. మోసపోతే సిగ్గుపడి దాచకండి. వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయండి. ఇక్కడ కూడ మౌనమే నష్టం.

ఒక ప్రార్థన

మన చుట్టూ అవకాశాలు తక్కువ లేవు. ఈ ఊరిలోనే 1981లో స్థాపించిన గురు గోవింద్ సింగ్‌జీ ఇంజనీరింగు కళాశాల ఉన్నది. 1994లో ఏర్పడిన స్వామి రామానంద తీర్థ మరాఠ్వాడా విశ్వవిద్యాలయం ఉన్నది. మనలో ఎందరికో అక్షరాభ్యాసం జరిగిన బాసరలో, మన గోదావరి దిగువనే, గ్రామీణ విద్యార్థుల కోసం 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయ ప్రాంగణమున్నది. ఆ సంస్థ పాలకమండలికి తొలి అధ్యక్షులు రాజ్ రెడ్డిగారు. చిత్తూరు జిల్లా కాటూరు అనే పల్లెలో పుట్టి, కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారాన్ని 1994లో అందుకున్నవారు.

పూర్వ విద్యార్థులకు నా మనవి. జూబ్లీ కానుకగా కంప్యూటర్లు కొని గదిలో పెట్టి తాళం వేయవద్దు. తీగలు, స్విచ్ తెచ్చి పిల్లల చేతికే ఇద్దాము. తొమ్మిదవ తరగతి పిల్లలే కొనలు బిగించి, చిరునామాలు ఇచ్చి, బడి నెట్‌వర్కును తామే కట్టాలి. చెడిపోతే తామే వెదకాలి. వెదకినది నిలబడి చెప్పాలి, మొదట తెలుగులో, తరువాత ఇంగ్లీషులో. నవ్వే హక్కు ఎవరికీ ఉండరాదు. ఇందుకు నెలకు ఒక శనివారం నేను వస్తాను. హైదరాబాద్, పూణే, ముంబయి నగరాలలో ఉన్న మనవారు వంతులవారీగా రావాలని వేడుకుంటున్నాను. ఉపాధ్యాయులకు అదనపు భారం కాకుండా చూసుకునే బాధ్యత మాది.

తెగిన పోగును సాలె దాచిపెట్టడు. అక్కడే మగ్గం ఆపి, ముడి వేసి, మళ్ళీ నేత సాగిస్తాడు. మన బడి 75 సంవత్సరాలుగా చేసినది అదే. తెలుగు నేలకు, ఈ నేలకు మధ్య తెగబోయిన పోగును ప్రతి తరంలో ఎవరో ఒక గురువు ముడి వేస్తూ వచ్చారు. ఆ పోగు మన చేతిలో తెగకుండు గాక.